ఫ్రెంచిలో ‘స’ చేరిన క్రియలు: అపోహలు, వాస్తవాలు

ఫ్రెంచి నిఘంటువులో కొన్ని క్రియల ముందు ‘స’ అని ఉంటుంది. లావే అంటే కడుగు, స లావే అంటే ఒళ్లు కడుక్కొను. కర్తను బట్టి ఈ ‘స’ మారుతుంది: జ (నేను) వస్తే మ, త్యు (నువ్వు) వస్తే త, నూ (మేము) వస్తే నూ, వూ (మీరు) వస్తే వూ, మిగతా అందరికీ స. పక్కన అచ్చు ఉంటే మ, త, స చివరి అచ్చు పోతుంది, మన అత్వసంధి లాగానే. ఇక్కడ ఫ్రెంచి మాటల్ని పలికే తీరులో రాస్తున్నాం. రాతలో మాత్రమే కనిపించే అక్షరం ఉంటే అక్కడ చెబుతాం.

అపోహ: ఈ క్రియలు అర్థం కావాలంటే ఇంగ్లీషు మీదుగానే వెళ్లాలి.

వాస్తవం: ఇక్కడ ఇంగ్లీషు తోవ తప్పిస్తుంది, తెలుగు దారి చూపిస్తుంది. మన ‘కొను’ చేసే పని చాలా చోట్ల ఫ్రెంచి ‘స’ చేస్తుంది. ఆమె కారు కడుగుతోంది: ఎల్ లావ్ లా వ్వాత్యూర్. ఆమె చేతులు కడుక్కుంటోంది: ఎల్ స లావ్ లే మేఁ. రెండో వాక్యంలో ‘ఆమె చేతులు’ అని విడిగా చెప్పనక్కర్లేదు, ఎవరి చేతులో ‘కడుక్కుంటోంది’లోనే తెలుస్తుంది. ఫ్రెంచిలోనూ అంతే. అందుకే చేతుల ముందు ‘లే’ మాత్రమే వస్తుంది, ‘నా’ అనే అర్థమిచ్చే ‘మే’ రాదు. ఇంగ్లీషులో ఆలోచించి రాసేవాళ్లు ‘జ లావ్ మే మేఁ’ అని రాసేస్తారు, మార్కు పోతుంది. పళ్లు తోముకుంటాను అన్నా ఇదే కట్టు: జ మ బ్రోస్ లే దాఁ.

అపోహ: అయితే ‘కొను’ ఉన్నచోటల్లా ‘స’ పెడితే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. పడుకొను స కుషే, మేలుకొను స రెవెయే, ఇంతవరకూ జత బాగానే కుదిరింది. కానీ నేర్చుకొను అప్రాఁద్ర్, అర్థం చేసుకొను కోఁప్రాఁద్ర్, పట్టుకొను తనీర్, విడాకులు తీసుకొను దివోర్సే. వీటిలో వేటికీ ‘స’ లేదు. మరోపక్క తెలుగులో ‘కొను’ లేని లేచు, త్వరపడు, ఎగతాళి చేయు అనేవి ఫ్రెంచిలో స లవే, స దెపెషే, స మొకే అవుతాయి.

‘స’ చేరితే అర్థమే మారిపోయేవీ ఉన్నాయి. త్రోఁపే అంటే మోసం చేయు, స త్రోఁపే అంటే పొరబడు. అతాఁద్ర్ అంటే ఎదురుచూడు, సతాఁద్ర్ ఆ అంటే ఇలా జరుగుతుందని ముందే అనుకొను. తెలుగులో ‘పడు’కీ ‘పడుకొను’కీ ఎంత దూరమో ఇదీ అంతే. కాబట్టి ‘స’నీ, తరవాత వచ్చే విభక్తినీ క్రియతో కలిపి ఒకే మాటగా నోట పట్టాలి. జ్ఞాపకం చేసుకొను అనడానికి రెండు క్రియలున్నాయి. స సువ్నీర్ తరవాత ‘ద’ రావాలి, స రప్లే తరవాత రాకూడదు. మాటల్లో ఫ్రెంచివాళ్లు కూడా స రప్లేకి ‘ద’ తగిలిస్తుంటారు, రాతలో మాత్రం దాన్ని తప్పుగానే చూస్తారు.

అపోహ: ‘స’ అంటే ఎప్పుడూ ‘తనని తాను’.

వాస్తవం: బహువచనంలో అది ‘ఒకరినొకరు’ కావచ్చు. ఇల్ స రగార్ద్ అన్నప్పుడు వాళ్లు అద్దంలో చూసుకుంటున్నారా, ఒకరినొకరు చూసుకుంటున్నారా అన్నది సందర్భం చెప్పాలి. కర్త వస్తువైతే కర్మణి అర్థం వస్తుంది. సా న స ఫే పా అంటే ‘అలా చేయరు’. ఇది రోజూ వినపడే వాక్యం.

అపోహ: ‘స’ నిఘంటువులో ఉన్నట్టే ఉంటుంది కాబట్టి ‘నేను పడుకోబోతున్నాను’ అంటే ‘జ వే స కుషే’.

వాస్తవం: జ వే మ కుషే. క్రియ మూలరూపంలో ఉన్నా ‘స’ అనే ఈ సర్వనామం కర్తనే అనుసరిస్తుంది.

అపోహ: భూతకాలంలో ఈ క్రియలకు ఎత్ర్ సహాయక క్రియ వస్తుంది కనుక చివర లింగవచనాల గుర్తు ఎప్పుడూ చేర్చాలి.

వాస్తవం: ఎత్ర్ ఎప్పుడూ వస్తుంది, గుర్తు మాత్రం అన్నిసార్లూ రాదు. బాగా చదివినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు, ఎందుకంటే తేడా చాలాసార్లు చెవికి తెలియదు. ఎల్ సె లావే (ఆమె ఒళ్లు కడుక్కుంది) అన్నప్పుడు లావే చివర స్త్రీలింగపు ‘ఇ’ (e) అక్షరం రాయాలి. ఎల్ సె లావే లే మేఁ అన్నప్పుడు రాయకూడదు. కడిగింది చేతుల్ని కాబట్టి కర్మ చేతులు, ‘స’ కేవలం ‘తనకి’. ఆ కర్మే ముందుకొస్తే, అంటే ‘ఆమె కడుక్కున్న చేతులు’ అంటే, గుర్తు చేతులను బట్టి వస్తుంది: ‘ఇ’, ‘ఎస్’ రెండూ రాయాలి.

పరీక్ష ఇది: ‘స’ స్థానంలో ‘ని’ పడుతుందా, ‘కి’ పడుతుందా? ‘ని’ అయితే గుర్తు రాయాలి, ‘కి’ అయితే వద్దు. వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు, ఇల్ స సోఁ రగార్దే: చివర ‘ఎస్’ ఉంటుంది. ఒకరికొకరు ఫోన్ చేసుకున్నారు, ఇల్ స సోఁ తెలెఫోనే: ఏమీ ఉండదు. అయితే ఈ విభక్తిని ఫ్రెంచి క్రియలో చూడాలి, తెలుగులో కాదు. మనం ‘ఒకరికి’ సాయం చేస్తాం. ఫ్రెంచి ఎదే మాత్రం నేరుగా ‘ఒకరిని’ పడుతుంది, కాబట్టి ఎల్ స సోఁ ఎదే చివర ‘ఇ’, ‘ఎస్’ తప్పనిసరి. మనం ‘ఒకరితో’ మాట్లాడతాం, పార్లేకి ‘కి’ అర్థమున్న ‘ఆ’ కావాలి. కాబట్టి ఇల్ స సోఁ పార్లే చివర ఏమీ రాయరు.

సువ్నీర్ లాంటి, ‘స’ ఏ పనీ చేయకుండా క్రియకు అతుక్కుపోయిన వాటిలో గుర్తు కర్తను బట్టి వస్తుంది. జుట్టు కత్తిరించుకోవడం లాంటివి వేరొకరితో చేయించుకున్నప్పుడు వచ్చే ‘ఫే’ ఎవరికీ మారదు. మూలరూపం ముందొచ్చే ‘లెసే’ (జరగనిచ్చు)ని కూడా అలాగే వదిలేయమని 1990 నాటి వర్ణక్రమ సవరణలు సూచించాయి. పాత పుస్తకంతో చదివేవాళ్లకు అక్కడ వేరే రూపం కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు.

అపోహ: వ్యతిరేక వాక్యంలో ‘న’, ‘పా’ల మధ్య క్రియ ఒక్కటే ఉంటుంది.

వాస్తవం: సర్వనామం కూడా లోపలే ఉంటుంది: జ న మ లెవ్ పా. భూతకాలమైతే ‘పా’ సహాయక క్రియ దగ్గరే ఆగిపోతుంది: జ న మ సుయి పా లవే. చివర ‘పా’ పెట్టి ‘జ న మ సుయి లవే పా’ అంటే తప్పు. ఆజ్ఞాపించేటప్పుడు మాత్రం సర్వనామం క్రియ వెనక్కి వెళ్లి ‘త’ కాస్తా ‘త్వా’ అవుతుంది: లెవ్ త్వా, మధ్యలో అడ్డగీతతో. వద్దని చెప్పాలంటే మళ్లీ ముందుకొస్తుంది: న త లెవ్ పా.