కార్డు పేమెంట్లు, హోస్టింగ్ సర్వర్లు: నాకు రోజూ ఎదురయ్యే అపోహలు

"అన్నా, బ్యాంకు నుంచి మెయిల్ వచ్చింది. పీసీఐ సర్టిఫికెట్ అడుగుతున్నరు. మీ దగ్గర ఉంటది కదా, వాట్సాప్‌లో పెట్టేయ్."

దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమెరికాకు ఆవకాయ, గోంగూర పంపే ఒకాయన ఫోన్ ఇది. మాదాపూర్‌లో సర్వర్ సపోర్ట్‌లో కూర్చున్న నాకు ఇలాంటి ఫోన్లు నెలకు రెండు మూడైనా వస్తాయి. ఆయన అడిగింది పీసీఐ డీఎస్‌ఎస్ గురించి, అంటే కార్డు వివరాలను భద్రంగా ఉంచడానికి పాటించాల్సిన నియమాల స్టాండర్డ్ గురించి. వీసా, మాస్టర్‌కార్డ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్, డిస్కవర్, జేసీబీ కలిసి 2006లో పెట్టుకున్న కౌన్సిల్ దీన్ని నడుపుతుంది. ఇప్పుడు నడుస్తున్నది 4.0.1 వెర్షన్. ఇది ప్రభుత్వ చట్టం కాదు. కార్డు కంపెనీలు బ్యాంకును అడుగుతాయి, బ్యాంకు మిమ్మల్ని అడుగుతుంది.

అపోహ: హోస్టింగ్ కంపెనీకి సర్టిఫికెట్ ఉంటే మన సైట్‌కీ ఉన్నట్టే.

మీ సైట్ ఉండే సర్వర్‌ను అద్దెకిచ్చేది హోస్టింగ్ కంపెనీ. వాళ్ల సర్టిఫికెట్ వాళ్ల వంతు పనికి మాత్రమే. డేటా సెంటర్ తలుపులు, కెమెరాలు, నెట్‌వర్క్, కింద ఉన్న మెషిన్లు అందులోకి వస్తాయి. మీరు వీపీఎస్ (మీకే విడిగా ఇచ్చే వర్చువల్ సర్వర్) తీసుకుంటే ఆపరేటింగ్ సిస్టమ్ ప్యాచ్‌లు, అంటే లోపాలను సరిచేసే అప్‌డేట్లు, మామూలుగా మీ నెత్తినే. షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునేది) అయితే అవి వాళ్లు చూసుకుంటారు కానీ, రెండేళ్లుగా అప్‌డేట్ చేయని మీ ప్లగిన్‌ను వాళ్లు ముట్టుకోరు. క్రిటికల్ ప్యాచ్‌లు వచ్చిన నెలలోపు వేయాలని స్టాండర్డ్ చెబుతుంది. ఏ పని ఎవరిదో రాసి పెట్టుకోవాలనీ అందులోనే ఉంది. ఆ పట్టిక ఇవ్వమని హోస్టింగ్ వాళ్లను అడగండి. సేల్స్ వాళ్లు బ్రోచర్ పంపితే, మళ్లీ అడగండి.

అపోహ: బ్రౌజర్‌లో సైట్ అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉంది కదా, అంతా భద్రమే.

బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య దారిలో ఎవరూ చదవకుండా చూడటం వరకే దాని పని. సర్వర్‌కు చేరాక జరిగేదానితో తాళానికి సంబంధం లేదు. ఆ తాళమైనా పాతదైతే పనికిరాదు. ఆ తాళం వెనక నడిచే ఎన్‌క్రిప్షన్ పద్ధతి పేరు టీఎల్‌ఎస్. దాని పాత వెర్షన్ 1.0కి పీసీఐ ఇచ్చిన గడువు 2018 జూన్ 30తోనే అయిపోయింది.

అపోహ: పేమెంట్ అంతా గేట్‌వే చూసుకుంటుంది, మన సర్వర్‌కు ఏ సంబంధమూ లేదు.

గేట్‌వే అంటే సైట్ తరఫున కార్డు పేమెంట్ తీసుకునే సంస్థ. ఈ మాట కొంత నిజం, అందుకే ప్రమాదం. కస్టమర్‌ను గేట్‌వే పేజీకి పంపేస్తున్నారా, గేట్‌వే ఫారాన్ని ఐఫ్రేమ్‌లో (మీ పేజీలోనే వాళ్ల పేజీ కనబడే కిటికీలో) చూపిస్తున్నారా, లేక మీ పేజీలోనే కార్డు బాక్సులు పెట్టి నంబరును నేరుగా గేట్‌వేకు పంపుతున్నారా? మొదటి రెండింటికీ ఎస్‌ఏక్యూ ఏ అనే, మీరే నింపి ఇచ్చే చిన్న ప్రశ్నావళి సరిపోతుంది. మూడోదానికి ఎస్‌ఏక్యూ ఏ-ఈపీ. అది చాలా పెద్దది. ఎందుకంటే నంబరు మీ సర్వర్‌ను తాకకపోయినా, ఆ నంబరు టైప్ చేసే పేజీని ఇచ్చేది మీ సర్వరే. ఆ పేజీలోకి ఎవరైనా నాలుగు లైన్ల స్క్రిప్ట్ (బ్రౌజర్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్) దూర్చితే, కస్టమర్ కొట్టే ప్రతి అంకె ఇంకో చోటికీ పోతుంది. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు జరిగింది ఇదే. బ్రిటన్ డేటా నియంత్రణ సంస్థ 2020లో వాళ్లకు 2 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది.

అందుకే పేమెంట్ పేజీలో ఏయే స్క్రిప్ట్‌లు నడుస్తున్నాయి, ఏది ఎందుకుంది అని జాబితా ఉంచాలని, పేజీ మారితే తెలిసే ఏర్పాటు ఉండాలని కొత్త వెర్షన్ అడుగుతోంది. 2025 మార్చి 31 తర్వాత ఇది తప్పనిసరి. ఎస్‌ఏక్యూ ఏ వాళ్లకు ఈ రెండూ తీసేశారు కానీ, స్క్రిప్ట్ దాడులకు మా సైట్ లొంగదని వాళ్లలో ఐఫ్రేమ్ వాడేవాళ్లు ధ్రువీకరించాలి. పచ్చళ్ల అన్న చెకౌట్ పేజీ తెరిచి చూస్తే తొమ్మిది స్క్రిప్ట్‌లున్నాయి. చాట్ బటన్, యాడ్స్ పిక్సెల్ (ప్రకటనల లెక్క చూసే కోడ్) సరే. ఒకటి మాత్రం ఎప్పటిదో సంక్రాంతి ఆఫర్ పాపప్‌ది. పెట్టిన డెవలపర్ ఉద్యోగం మారి వెళ్లిపోయాడు, స్క్రిప్ట్ మాత్రం మిగిలింది.

అపోహ: స్కాన్ ఫెయిలైతే సర్వర్ హ్యాకైనట్టే. పాసైతే ఇక టెన్షన్ లేదు.

రెండూ తప్పే. పీసీఐ ఆమోదించిన స్కానింగ్ సంస్థ (ఏఎస్‌వీ అంటారు) మూడు నెలలకోసారి మీ సర్వర్‌ను బయటి నుంచి స్కాన్ చేస్తుంది. తీవ్రత స్కోరు 4.0 గానీ అంతకు మించి గానీ ఉన్న లోపం ఒక్కటి కనబడినా ఫెయిలే.

పత్తర్‌గట్టి ముత్యాల షాపు రిపోర్టు ఒకటి చూపిస్తాను. పద్నాలుగు ఎర్ర లైన్లు. వాటిలో పదకొండు "అపాచీ పాత వెర్షన్" అనేవే. అపాచీ అంటే సైట్ పేజీలను అందించే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్. ఇక్కడే జనం గాభరా పడి సర్వర్‌ను పాడు చేసుకుంటారు. రెడ్‌హ్యాట్, ఉబుంటు లాంటి లినక్స్ ఇచ్చేవాళ్లు వెర్షన్ నంబరు మార్చకుండా, సెక్యూరిటీ ప్యాచ్‌ను మాత్రం ఆ పాత వెర్షన్‌లోకే తెచ్చి కలుపుతారు. స్కానర్ బయటి నంబరు చూసి పాతదనుకుంటుంది. ప్యాకేజీ చేంజ్‌లాగ్ (మార్పుల జాబితా) తెరిచి, రిపోర్టులోని సీవీఈ నంబరు (ఒక్కో లోపానికీ ఉండే గుర్తింపు నంబరు) అందులో ఉందో లేదో వెతకండి. ఉంటే ఆ లైన్లు కాపీ చేసి ఏఎస్‌వీకి అభ్యంతరం పెట్టండి, ఒప్పుకుంటారు. ఆ పదకొండూ అలాగే పోయాయి. నంబరు పెంచాలని బయటి నుంచి కొత్త అపాచీ తెచ్చి కంపైల్ చేశారో, ఆ రోజు నుంచి దాని ప్యాచ్‌లన్నీ మీరే చూసుకోవాలి. నేనైతే చేయను.

మిగిలిన మూడిటిలో ఒకటి: 3306 పోర్టు, అంటే డేటాబేస్‌లోకి వెళ్లే దారి, ఇంటర్నెట్ మొత్తానికీ తెరిచి ఉంది. దానికి అభ్యంతరాలేం ఉండవు, మూసేయడమే. ఒక కుర్రాడు దాన్ని మూయకుండా ఫైర్‌వాల్‌లో స్కానర్ ఐపీనే బ్లాక్ చేసి, "అన్నా, ఎర్ర లైన్లు అన్నీ పోయినయ్" అన్నాడు. స్కాన్‌ను అడ్డుకుంటే దాన్ని పాస్‌గా లెక్కేయరు.

అపోహ: మేం కార్డు నంబర్లు దాచుకోం.

దాచుకోకూడదు కూడా. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం 2022 అక్టోబరు 1 నుంచి మన దేశంలో వ్యాపారులు అసలు కార్డు నంబరు ఉంచుకోవడానికి లేదు. చివరి నాలుగు అంకెలు, కార్డు ఇచ్చిన బ్యాంకు పేరు ఉంచుకోవచ్చు. ఇక లావాదేవీ ఆమోదం పొందాక సీవీవీని ఎన్‌క్రిప్ట్ చేసి కూడా ఉంచకూడదు.

కానీ డేటాబేస్‌లో లేకపోతే లేనట్టు కాదు. సొంత కార్డు ఫారం ఉన్న ఒక సైట్‌లో లాగ్ ఫైల్ (సర్వర్‌లో జరిగేవి రాసుకునే ఫైల్) ఉబ్బి డిస్క్ నిండిందని నన్ను పిలిచారు. తెరిస్తే టెస్టింగ్ కోసం ఆన్ చేసిన డీబగ్ (తప్పులు వెతకడానికి అన్నీ రాసి పెట్టే సెట్టింగ్) అలాగే ఉంది. ప్రతి ఆర్డర్‌కీ ఫారం మొత్తం రాసుకుంది: పేరు, పదహారు అంకెలు, గడువు, పక్కనే సీవీవీ. అదే ఫైల్ రోజూ రాత్రి బ్యాకప్‌లోకీ పోతోంది. రెండు చోట్లా తుడిచేసరికి తెల్లారింది. లాగ్‌లు ఏడాది పాటు ఉంచమనేది కూడా ఈ స్టాండర్డే కాబట్టి మొత్తం తీసేసి చేతులు దులుపుకోవడానికి లేదు. నంబర్లను మాత్రమే ఏరి తీయాలి.

ఇదంతా చెప్పాక పచ్చళ్ల అన్న ధీమాగా అన్నాడు: "మా సర్వర్‌లో అట్లాంటివి ఏం లేవన్నా. సైట్ వాడరాని పెద్దవాళ్లు వాట్సాప్‌లో కార్డు ఫొటో పెడతరు, మా పిల్లలు ఆ నంబరు చూసి సైట్‌లో టైప్ చేస్తరు."

ఆ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుందని అడిగాను. ప్యాకింగ్ చేసే అబ్బాయి దగ్గరట. అలాంటి కస్టమర్లకు గేట్‌వే ఇచ్చే పేమెంట్ లింక్ పంపమన్నాను, ఫొటోలు గ్యాలరీలోనూ ఫోన్ బ్యాకప్‌లోనూ తీసేయమన్నాను. సర్టిఫికెట్ సంగతి మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.