పాత అడ్జస్టబుల్ రేజరు పట్టేసిందా? పారెయ్యకండి

పెరంబూరులో నా పనిబల్ల మీదికి గడియారాలు, కుట్టుమిషన్లు, పంపు స్టవ్వులు ఎప్పటినుంచో వస్తున్నాయి. కొన్నేళ్లుగా పాత షేవింగ్ రేజర్లు కూడా వస్తున్నాయి. నాన్నదో తాతదో బీరువా సర్దుతుంటే దొరికిందని రుమాల్లో చుట్టి తెస్తారు. ఓడల్లో పనిచేసిన పెద్దవాళ్లు తెచ్చుకున్నవి కొన్ని, బర్మా బజారులో కొన్నవి కొన్ని. వాటిలో జిల్లెట్ అడ్జస్టబుల్ రేజరంటే నాకు ప్రాణం. పిడి చివర గుండీ తిప్పితే పైన రెండు రెక్కలు విచ్చుకుంటాయి, బ్లేడు పెట్టి మళ్లీ తిప్పితే మూసుకుంటాయి. మెడ దగ్గర 1 నుంచి 9 దాకా అంకెలున్న డయల్ ఉంటుంది. చేతికి బరువుగా, నిండుగా ఉంటుంది.

నా దగ్గరికి వచ్చేవాటిలో వాడకం వల్ల పాడైనవి తక్కువ. బాగుచేద్దామని ఇంట్లో ఎవరో చెయ్యి పెట్టాక పాడైనవే ఎక్కువ. చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

అపోహ: గుండీ తిరగట్లేదంటే లోపల తుప్పు పట్టింది, ఇక పనికిరాదు.

వాస్తవం: ఈ రేజర్ల ఒళ్లు చాలావరకు ఇత్తడి, పైన నికెల్ పూత. ఇత్తడికి తుప్పు పట్టదు, చిలుము పడుతుంది. పచ్చగా కనిపించేది అదే. ఎర్రటి మరక ఉంటే, ఎప్పుడో లోపల వదిలేసిన బ్లేడు తుప్పు దిగిందని అర్థం. అసలు పట్టేయించేది ఈ రెండూ కాదు, సబ్బు గార. మన చెన్నై బోరు నీళ్ల సంగతి తెలిసిందేగా! ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెట్టులా మారతాయి. రోజూ గడ్డం గీసుకున్నాక తడి ఆరకుండానే అద్దం వెనక పెట్టేస్తే, ఆ తెట్టు మరల సందుల్లో చేరి ఏళ్లు గడిచేసరికి సున్నంలా గట్టిపడుతుంది.

వ్యాసర్పాడి నుంచి ఒకాయన తెచ్చిన రేజరు గుండీ, డయల్ రెండూ కదలలేదు. "అన్నా, పారెయ్యమంటారా?" అని అడిగారు. వద్దని చెప్పి ఉంచుకున్నాను. చెయ్యి పట్టేంత వేడి నీళ్లలో నాలుగు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి అరగంట నానబెట్టాను. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. పాత టూత్‌బ్రష్‌తో రెక్కల కీళ్లు, డయల్ అంచు, గుండీ మెడ తోమి నీళ్లు మార్చాను. సాయంత్రం మళ్లీ నానబెట్టాను. రెండో రాత్రి తడి పూర్తిగా తుడిచి, గుండీ సందులో ఒక చుక్క, డయల్ కింద ఒక చుక్క, పట్టేసిన బోల్టులకు వేసే పల్చటి నూనె వేసి తలకిందులుగా నిలబెట్టాను. మూడో రోజు గుండీ సూది మందం కదిలింది. అక్కడ ఆశపడి బలంగా తిప్పకూడదు. అంతే దూరం వెనక్కి, మళ్లీ ముందుకి, మళ్లీ వేడి నీళ్లు. అలా తిప్పుతుంటే ఉప్పు రవ్వల్లాంటి పలుకులు బయటికి రాలాయి. నాలుగో రోజుకి రెక్కలు రెండూ ఒకేసారి విచ్చుకున్నాయి. అయిన ఖర్చల్లా ఓపికే.

అపోహ: కటింగ్ ప్లేరుతో పట్టి తిప్పితే వదులుతుంది.

వాస్తవం: వదిలేది గుండీ మీది గీట్లు. దాన్ని తిప్పినప్పుడు పైకి లేచి రెక్కల్ని తెరిచే కడ్డీ లోపల ఉంటుంది. గార కరక్కముందే బలం వాడితే మరలు అరుగుతాయి, రెక్కలు వంగుతాయి. మరలు అరిగితే నేనూ చెయ్యగలిగింది తక్కువ. పట్టు చాలకపోతే గుండీకి రబ్బరు బ్యాండు చుట్టి చేత్తోనే తిప్పండి.

అపోహ: చింతపండుతోనో వెనిగర్‌తోనో తోమితే కొత్తదానిలా మెరుస్తుంది.

వాస్తవం: చింతపండు పులుపు ఇత్తడి బిందెకు మంచిదే. ఎందుకంటే బిందెకు పూత లేదు. రేజరుకు ఉంది, అది చాలా పల్చన. పులుపు ఆ నికెల్‌ను మెల్లగా తినేస్తుంది. పూతలో ఎక్కడ గీత ఉంటే అక్కణ్ణుంచి అడుగున ఉన్న ఇత్తడిలోకి దిగుతుంది. గిన్నెల పీచు, ఇత్తడి సామాను పొడి ఇంకా ప్రమాదం. పని నేర్చుకునే రోజుల్లో ఒక రేజరును రాత్రంతా వెనిగర్‌లో వదిలేశాను. పొద్దున తీస్తే గార పోయింది, రెక్కల అంచుల్లో పూత కూడా పోయి పసుపుపచ్చ ఇత్తడి బయటపడింది. అది ఒకరి తాతగారి వస్తువు. ఆయన ఏమీ అనలేదు గానీ నేనింకా మరిచిపోలేదు. ఇప్పుడు, మొండి గార ఉంటేనే, వెనిగర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి అయిదు నిమిషాలు ఉంచుతాను. అదీ పక్కనే కూర్చుని. తీసిన వెంటనే కడిగేస్తాను.

అపోహ: 9 మీద పెడితే గడ్డం నున్నగా వస్తుంది.

వాస్తవం: డయల్ తిప్పితే మారేది బ్లేడు అంచుకీ దాని కింది గార్డు కమ్మీకీ మధ్య సందు. అంకె పెరిగితే సందు పెరుగుతుంది, బ్లేడు చర్మానికి ఎక్కువ తగులుతుంది. ముతక గడ్డానికి, వారం పెరిగిన గడ్డానికి అది సాయం చేస్తుంది. రోజూ గీసుకునే లేత గడ్డానికి 9 పెడితే మిగిలేది మంటే. 2 తోనో 3 తోనో మొదలుపెట్టి, నాలుగైదు షేవింగులయ్యాక చాలదనిపిస్తే ఒక్కో అంకె పెంచుకోండి. రేజరు బరువుకే గీసుకోవాలి, చేత్తో నొక్కకూడదు. నొక్కే అలవాటున్నవాళ్లకు 1 మీద కూడా తెగుతుంది.

డయల్ తిప్పే ముందు కింది గుండీని కాస్త వదులు చెయ్యండి. అంకె మార్చాక మళ్లీ బిగించండి. బిగించి ఉండగా డయల్‌ను బలవంతంగా తిప్పడం వల్ల పాడై వచ్చినవి చాలా చూశాను. ఇంకో సంగతి. వ్యాసర్పాడి ఆయన రేజరు డయల్ పట్టేసింది 4 దగ్గర. ఆ అంకె మీదే వాళ్ల నాన్నగారు ఏళ్ల తరబడి గీసుకున్నారన్నమాట. మీకు దొరికిన రేజరు డయల్ కూడా ఎక్కడ ఆగిందో కడిగే ముందే రాసిపెట్టుకోండి.

అపోహ: ఒక వైపు బాగా తెగుతోంది, రెండో వైపు తెగట్లేదు. రేజరు వంకర పోయింది.

వాస్తవం: ముందు బ్లేడు మార్చండి. ఆ తర్వాత బ్లేడు కూర్చునే చోట గార మిగిలిందేమో చూడండి. గోరంత పలుకున్నా బ్లేడు ఒక పక్కకు లేస్తుంది. కొత్త బ్లేడు పెట్టి, పొట్టి చివర్లు పట్టుకుని మధ్యకు సర్ది, గుండీ బిగించండి. కిటికీ వెలుతురుకి ఎదురుగా కంటి ఎత్తులో పట్టుకుని ఒక్కో అంచునూ చూడండి. బ్లేడు అంచుకీ కమ్మీకీ మధ్య వెలుగు గీత ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే మందంలో ఉండాలి, రెండు వైపులా సమానంగా ఉండాలి. ఒక చివర సన్నబడితే రెక్క వంగినట్టే. కింద పడ్డ రేజర్లలో కనిపించే దెబ్బ ఇది. వంపు కొద్దిగా ఉంటే నేను చెక్క పుల్ల ఆనించి, బ్లేడు లేకుండా, వెంట్రుకవాసి చొప్పున సరిచేస్తాను. ప్రతిసారీ బ్లేడు పెట్టి చూసి, తీసి, మళ్లీ నొక్కుతాను. ఇది మాత్రం ఇంట్లో ప్రయత్నించవద్దని చెప్తాను. ఒకే చోట రెండుసార్లు వంచితే ఇత్తడి చీలుతుంది.

అపోహ: మొత్తం విప్పి కడిగితేనే శుభ్రమవుతుంది.

వాస్తవం: ఇవి విప్పడానికి చేసినవి కావు. కొన్ని భాగాల్ని ఫ్యాక్టరీలోనే నొక్కి బిగించారు. విప్పి మళ్లీ కూర్చేటప్పుడు మర ఒక చుట్టు అటూ ఇటూ అయితే అంకె 1 అంటుంది, సందు 5 ది ఉంటుంది.

అపోహ: కదలికకు కొబ్బరినూనె చాలు.

వాస్తవం: వేసిన రోజు బాగానే ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ ముక్క వాసన వచ్చి, జిగురై, దుమ్మును పట్టేస్తుంది. కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వెయ్యండి, మిగిలింది తుడిచెయ్యండి.

అపోహ: తల కింద ఉన్న అక్షరం, అంకె మోడల్ నంబరు.

వాస్తవం: అది తయారైన కాలం. అమెరికాలో చేసినవాటి మీద అక్షరం సంవత్సరాన్ని, అంకె మూడు నెలల భాగాన్ని చెప్తాయి. డి-4 అంటే 1958 చివరి మూడు నెలలు, హెచ్-2 అంటే 1962 ఏప్రిల్ నుంచి జూన్. లావు పిడి ఉన్నదాన్ని అందరూ ఫ్యాట్‌బాయ్ అంటారు గానీ కంపెనీ పెట్టిన పేరు 195 అడ్జస్టబుల్. అప్పటి ధర 1.95 డాలర్లు. అది 1961 దాకా వచ్చింది, ఆ తర్వాత సన్న పిడి స్లిమ్ వచ్చింది. బ్లేడు దొరకదేమోనన్న బెంగ అక్కర్లేదు. ఇవాళ మన వీధి కొట్టులో దొరికే రెండంచుల బ్లేడు 1958 నాటి రేజరులో చక్కగా కూర్చుంటుంది.

పూత పోయినదానికి మళ్లీ నికెల్ వేయించవచ్చా అని కూడా అడుగుతారు. వేయించవచ్చు, కానీ ముందు పాత పూత తీసి ఒళ్లంతా పాలిష్ పట్టాలి. బండి భాగాలకు పట్టినట్టు పడితే డయల్ మీది అంకెలు అరిగిపోతాయి. సన్న పని తెలిసిన చెయ్యి దొరికేదాకా ఇత్తడి కనిపించినా అలాగే వాడుకోండి. చర్మానికి తగిలే చోట పూత పెచ్చులు లేస్తుంటే మాత్రం వాడకండి.

వేరేవాళ్లు వాడిన రేజరును కడిగాక సర్జికల్ స్పిరిట్‌లో పది నిమిషాలు ముంచి, ఆరాక మొదలుపెట్టండి. మరిగే నీళ్లలో వెయ్యకండి. బ్లేడు ఎవరిది వాళ్లదే, తండ్రీ కొడుకులైనా సరే. వాడేసిన బ్లేడ్లను కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేస్తే, తెల్లారి ఆ చెత్త వేరుచేసే కార్పొరేషన్ మనిషి చెయ్యి తెగుతుంది. మూతున్న రేకు డబ్బా ఒకటి తీసుకుని, మూత మీద బ్లేడు పట్టేంత గాటు పెట్టి, మూత చుట్టూ టేపు వేసి బాత్‌రూములో ఉంచండి. నా డబ్బా ఏళ్లయినా ఇంకా నిండలేదు.