మనం నేర్పకపోయినా కుక్క నేర్చుకుంటూనే ఉంటుంది

నెల్లూరులో చేపల పులుసు కాచిన రోజు ఇంట్లో కుక్క ఎక్కడుందో వెతకాల్సిన పని లేదు. కంచం పక్కనే ఉంటుంది. చెవులు కాస్త వెనక్కి పెట్టి, కంచానికీ నోటికీ మధ్య తిరిగే చేతినే చూస్తూ కూర్చుంటుంది. "పెట్టొద్దు, అలవాటు పడిపోద్ది" అని ఇంటాయన అంటాడు. ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేవగానే, "పాపం, ఇందాకట్నుంచి చూస్తా ఉంది, ఒక్క ముక్కకి ఏం పోద్ది" అంటూ అవ్వ ముల్లు తీసి ఇంత పెడుతుంది. మర్నాడు ఎవరూ పెట్టరు. ఆ తర్వాతి రోజూ పెట్టరు. ఇంకోరోజు మళ్లీ ఎవరికో జాలేస్తుంది.

ఎప్పుడో ఒకసారే కదా అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. అసలు చిక్కంతా ఆ 'ఎప్పుడో ఒకసారి'లోనే ఉంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి. ఎఫ్. స్కిన్నర్ ఎలుకలు, పావురాలతో చేసిన ప్రయోగాల్లో ఈ సంగతి తేలింది. ఒక పనికి ప్రతిసారీ తిండి దొరుకుతూ ఉండి, ఆ తిండి ఆగిపోతే జంతువు ఆ పనిని త్వరగానే మానేస్తుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియని పనినైతే చాలాకాలం వదలదు. పెన్నా ఒడ్డున గాలం వేసినవాడు పొద్దువాలేదాకా లేవకపోవడమూ ఇలాంటిదే.

సరే, రేపటి నుంచి ఎవరూ పెట్టకూడదని ఇల్లంతా ఒక మాట మీదికి వచ్చిందనుకుందాం. మొదట్లో అల్లరి తగ్గదు సరికదా, పెరుగుతుంది. నిన్నటిదాకా ఊరికే చూసే కుక్క ఇప్పుడు మూలుగుతుంది, తొడ మీద కాలు వేస్తుంది, మొరుగుతుంది. నిన్నటిదాకా పనిచేసిన ఉపాయం ఉన్నట్టుండి పనిచేయకపోతే, దాన్ని వదిలేసే ముందు జంతువు ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. ఇది ప్రయోగశాలల్లో చాలాసార్లు చూసిన విషయమే. ఈ దశ వస్తుందని ముందే తెలియక చాలా ఇళ్లలో ట్రైనింగ్ ఇక్కడే చెడిపోతుంది. మొరుగుడు భరించలేక ఒక ముక్క పడేస్తారు. చూస్తూ కూర్చుంటే చాలదు, మొరిగితేనే పెడతారని కుక్కకు ఆ ఒక్క ముక్కతో తెలిసిపోతుంది. అందుకే కుక్కను తిట్టడం కన్నా భోజనాల వేళకు దాన్ని వరండాలో ఉంచి, దాని గిన్నెలో దాని తిండి పెట్టడం మేలు. పైగా మన పులుసులో ఉల్లిపాయ ఉంటుంది. అది కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తుంది. ఉడికించినా ఆ గుణం పోదు.

ఫలితం బాగున్న పనిని జంతువు మళ్లీ చేస్తుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లోనే పిల్లులతో చేసిన ప్రయోగాల్లో చూపించాడు. ఇంట్లో కుక్కకు 'కూర్చో' నేర్పడానికి ఆ సూత్రం ఒక్కటి చాలు. ఉడికించిన చికెన్‌ను గోరంత ముక్కలుగా చేసుకోవాలి. ఒక ముక్కను రెండు వేళ్లతో పట్టుకుని కుక్క ముక్కుకు దగ్గరగా పెట్టి, మెల్లగా దాని తల మీదుగా వెనక్కి జరపాలి. ముక్కు పైకి లేస్తుంది, నడుము దానంతటదే కిందికి వాలుతుంది. పిర్ర నేలకు తగిలిన ఆ క్షణంలోనే 'భేష్' అని ముక్క నోటికి అందించాలి. ఒకటి రెండు సెకన్లు దాటితే ఈలోపు అది లేచి నిలబడుతుంది, మీరు నిలబడినందుకు బహుమతి ఇచ్చినట్టవుతుంది. చెయ్యి మరీ పైకెత్తితే ఎగురుతుంది. అది కుక్క తప్పు కాదు, చెయ్యి ఉన్న ఎత్తులో తప్పు. నాన్న 'సిట్' అని, అవ్వ 'కూర్చోరా' అని, పిల్లలు 'డౌన్, డౌన్' అని తలో మాట అంటే మాత్రం కుక్కకు ఏదీ పట్టుబడదు. అందరూ ఒకే మాట, ఒకే సైగ వాడాలి. చాలా కుక్కలు మాట కన్నా చేతి సైగనే త్వరగా పట్టుకుంటాయి.

అన్నిటికన్నా విలువైన మాట 'రా'. మనం చేజేతులా పాడుచేసేదీ దాన్నే. స్నానం చేయించాలంటే 'రా' అంటాం. చెప్పు కొరికినప్పుడు 'ఇటు రా' అని పిలిచి రెండు తగిలిస్తాం. ఆడుకుంటుంటే 'రా' అని పిలిచి గొలుసు వేస్తాం. కొన్నాళ్లకు ఆ మాట వినగానే కుక్క ఆగి, మన ముఖం చూసి, ఇంకో దిక్కుకు పోతుంది. అది మొండితనం కాదు, 'రా' అన్నాక ఏం జరుగుతుందో బాగా నేర్చుకుంది. స్నానానికైతే మీరే వెళ్లి పట్టుకోండి. పిలిచినప్పుడు వస్తే మాత్రం ఏదో ఒక మంచి జరగాలి.

చెప్పు కొరికిన కుక్క మనల్ని చూడగానే తల దించి, తోక ముడుచుకుంటుంది. "చూడు, చేసిన తప్పు దానికి తెలుసు" అంటాం. 2009లో కుక్కల ప్రవర్తనను పరిశోధించే అలెగ్జాండ్రా హొరోవిట్జ్ దీన్ని పరీక్షించారు. తినొద్దని చెప్పిన తినుబండారం దగ్గర కుక్కను వదిలి యజమాని బయటికి వెళతారు. తిరిగొచ్చాక కుక్క తిందనో, తినలేదనో యజమానికి చెబుతారు, ఒక్కోసారి కావాలనే అబద్ధం చెబుతారు. తప్పు చేసినట్టుండే ఆ ముఖానికీ, నిజంగా తినడానికీ సంబంధం కనిపించలేదు. తిట్టినప్పుడే ఆ ముఖం వచ్చింది. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కల్లో ఇంకా ఎక్కువగా కనిపించింది. గంట కిందట కొరికిన చెప్పుకు ఇప్పుడు కొడితే కుక్కకు తెలిసేది మన కోపం మాత్రమే. కొట్టి, భయపెట్టి నేర్పిన కుక్కల లాలాజలంలో ఒత్తిడి హార్మోను ఎక్కువగా పెరిగిందని పోర్చుగల్ పరిశోధకులు 2020లో చూపించారు. నాలుగు నెలల పిల్ల చెప్పు కొరకడానికి వేరే కారణమూ ఉంది. అప్పుడు దాని 28 పాలపళ్లు ఊడి 42 పళ్లు వచ్చే కాలం. చెప్పులు ఎత్తిపెట్టి, కొరకడానికి గట్టి రబ్బరు బొమ్మ ఇస్తే సరిపోతుంది.

పిల్లను తెచ్చిన మొదటి వారాల గురించి మనవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల మెదడు కొత్తవాటిని భయం లేకుండా ఒప్పుకుంటుంది. సాధారణంగా 45 రోజుల పిల్లను తెచ్చుకుంటాం. అప్పటికే ఆ గడువులో కొంత అయిపోయి ఉంటుంది. మిగిలింది టీకాలు పూర్తికాలేదని ఇంట్లోనే గడిచిపోతుంది. పెద్దయ్యాక హెల్మెట్ పెట్టుకున్నవాణ్ని చూసినా, గంగిరెద్దు సన్నాయి విన్నా, ఒంగోలు గిత్త ఎదురైనా గొంతు పోయేలా అరుస్తుంది. టీకాలు పూర్తయ్యేదాకా నేల మీద వదలకపోతే వదలకండి, చంకనెత్తుకుని వీధి చివరిదాకా తిప్పండి. ఆటోలు, సైకిలు బెల్లు, బడిపిల్లలు అన్నీ చూడనివ్వండి. మూడు నెలల వయసుకు రేబిస్ టీకా మాత్రం తప్పకూడదు. ఇంటి కుక్కే కరిచినా గాయాన్ని 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక మన ఎండలు. కుక్కకు చెమట పట్టేది దాదాపు పాదాల అడుగునే. ఒళ్లు చల్లబడటానికి అది నమ్ముకున్నది వగర్పునే. నోటిలోని తడి ఆవిరై వేడిని తీసుకుపోవాలి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రతీర ఊళ్లలో గాలే తేమగా ఉంటే ఆ తడి త్వరగా ఆరదు. అందుకే ఉక్కపోత రోజున కుక్క ఎంత వగర్చినా చల్లబడదు. పైగా వగరుస్తున్న కుక్క సరిగా వాసన పట్టలేదు, ధ్యాస నిలపలేదు. మే నెల మధ్యాహ్నం మాట వినని కుక్క తెల్లవారుజామున చక్కగా వింటుంది. రోడ్డు మీద అరచేతి వెనకభాగం ఐదారు సెకన్లు ఆనించలేకపోతే కుక్కను నడిపించకండి. దట్టమైన బొచ్చున్న హస్కీని, ముక్కు చప్పిడైన పగ్‌ను ఈ ఎండల్లోకి తేవడం వాటికి కష్టం పెట్టడమేనని నా అభిప్రాయం.

రొయ్యల గుంటల దగ్గర కాపలా కుక్కలను చూడండి. నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు హోరెత్తుతున్నా, యజమాని బండి మలుపు తిరగకముందే లేచి నిలబడతాయి. మనిషికి సుమారు 20,000 హెర్ట్జ్‌ల దాకా వినిపిస్తే కుక్కకు 45,000 దాకా వినిపిస్తుంది. ఏ బండి వెనక అన్నం క్యారియర్ వస్తుందో కూడా దానికి తెలుసు. రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ ప్రయోగశాలలో కుక్కలు తిండి పెట్టేవాళ్ల అడుగుల చప్పుడుకే చొంగ కార్చాయి. బండి ఆగగానే అది పరిగెత్తుకొచ్చి కళ్లలోకి చూస్తుంది. అలా ఒకరినొకరు చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని జపాన్ పరిశోధకులు 2015లో గుర్తించారు. తల్లీబిడ్డల మధ్య పనిచేసే హార్మోనే ఇది. మనుషులు పెంచిన తోడేళ్లలో అది కనిపించలేదు.

ఇదంతా జాతి కుక్కలకే అనుకోవద్దు. కోల్‌కతాలోని ఐసర్ అనే సైన్స్ విద్యాసంస్థలో అనిందితా భద్ర బృందం వీధికుక్కల ముందు రెండు గిన్నెలు పెట్టి, ఒకదానివైపు దూరం నుంచి వేలు చూపించింది. ఎవరూ ఏమీ నేర్పని ఆ కుక్కల్లో, గిన్నెల దగ్గరికి వచ్చినవి ఎక్కువగా వేలు చూపించినవైపే వెళ్లాయి. చాలా కుక్కలు అసలు దగ్గరికే రాలేదు. బెదురుగా ఉన్నవే అలా ఆగిపోయాయి. మీ వీధిలో అలాంటిది ఉంటే ముందు చెయ్యి చాపకండి. బిస్కెట్ కాస్త దూరంగా వేసి, పక్కకు తిరిగి కూర్చోండి. అది తిన్నాక ఇంకొకటి కొంచెం దగ్గరగా వేయండి.