గుండె మాత్రలు: వాళ్లకు వద్దన్నారు, మాకెందుకు రాశారు?

"విదేశాల్లో ఈ మాత్ర ఇవ్వరట కదా డాక్టర్ గారూ, మాకెందుకు రాశారు?" కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రల గురించి ఓపీలో ఈ ప్రశ్న తరచూ వస్తుంది. మర్యాదగానే అడుగుతారు, కానీ చాలాసార్లు అప్పటికే మాత్ర ఆపేసి వచ్చి ఉంటారు. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: ఒక్కో దేశంలో ఒక్కోలా రాస్తున్నారంటే ఈ మందులకు గట్టి ఆధారం లేదు. ఆపేసినా ఫర్వాలేదు.

వాస్తవం: తేడాలు ఉన్న మాట నిజమే. అవి ఎవరి విషయంలో ఉన్నాయన్నదే అసలు ప్రశ్న. ఇంతవరకు గుండెపోటు గానీ స్ట్రోక్ గానీ రానివాళ్లకు స్టాటిన్ మొదలుపెట్టాలా వద్దా అన్న చోటే దేశాలు విడిపోతాయి. బ్రిటన్‌లో వైద్య గైడ్‌లైన్లు ఇచ్చే నైస్ సంస్థ, పదేళ్ల రిస్క్ (వచ్చే పదేళ్లలో గుండెపోటు లేదా స్ట్రోక్ వచ్చే అవకాశం) 10 శాతం ఉంటే అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ 20 మి.గ్రా. గురించి పేషెంటుతో మాట్లాడమంటుంది. అమెరికా 2018 గైడ్‌లైన్ 7.5 శాతం దగ్గరే ఆ మాట ఎత్తమంది. యూరప్‌లో 2021లో వచ్చిన స్కోర్2 అనే రిస్క్ లెక్కగట్టే పద్ధతి దేశాలను నాలుగు రిస్క్ ప్రాంతాలుగా విడదీసింది. అదే వయసు, అదే బీపీ, అదే కొలెస్ట్రాల్, అదే సిగరెట్ అలవాటు ఉన్నా ఫ్రాన్స్ పట్టికలో ఒక అంకె, రొమేనియా పట్టికలో అంతకంటే పెద్ద అంకె వస్తాయి. ఫ్రాన్స్‌లో గుండెజబ్బు మరణాలు తక్కువ, రొమేనియాలో చాలా ఎక్కువ, అంతే. ఇందులో ఎవరి వ్యాపారమూ లేదు.

మనుషుల మూలాలు కూడా లెక్కలోకి వస్తాయి. బ్రిటన్ వాడే క్యూరిస్క్ అనే రిస్క్ కాలిక్యులేటర్‌లో దక్షిణాసియా మూలాలున్నవాళ్లకు రిస్క్ ఎక్కువ చూపిస్తుంది. అమెరికా గైడ్‌లైన్ కూడా దీన్ని రిస్క్ పెంచే అంశాల్లో చేర్చింది. కాబట్టి ఒకే ఆఫీసులో పనిచేసే ఇద్దరిలో ఒకరికి వద్దని, ఇంకొకరికి కావాలని చెప్పడం మామూలే.

ఇక గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంట్ పడినవాళ్లు, బైపాస్ అయినవాళ్లు. వీళ్ల విషయంలో పై గొడవంతా వర్తించదు. ఆ రిస్క్ కాలిక్యులేటర్లు వీళ్ల కోసం చేసినవే కావు. స్టాటిన్ ఇవ్వాలన్న దగ్గర బ్రిటన్, అమెరికా, యూరప్ అన్నీ ఒకటే మాట. ఎల్‌డిఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఎంతవరకు దించాలన్న దగ్గరే తేడా: యూరప్ 2019లో 55 మి.గ్రా./డె.లీ. లోపు అంది, అమెరికా 2018లో 70ని గీతగా పెట్టుకుంది, బ్రిటన్ అంకె మన యూనిట్లలో సుమారు 77.

స్టెంట్ పడిన ఒక పెద్దాయన స్టాటిన్‌తోపాటు ఆస్పిరిన్ కూడా మానేసి వచ్చారు. "అమెరికాలోనే వద్దంటున్నారు" అని ఫోన్ తీసి చూపించారు. వార్త నిజమే. గుండెజబ్బు లేని 60 ఏళ్లు దాటినవాళ్లు నివారణ కోసం కొత్తగా ఆస్పిరిన్ మొదలుపెట్టొద్దని అక్కడి నిపుణుల బృందం 2022లో చెప్పింది, రక్తస్రావం భయంతో. ఆ "గుండెజబ్బు లేని" అన్న ముక్క ఫార్వర్డ్ అయ్యే దారిలో ఎక్కడో రాలిపోయింది. ఆయన అదృష్టం, ఏమీ కాలేదు. ఎల్‌డిఎల్ మాత్రం మళ్లీ పాత అంకెకు చేరింది. ఆయన మీద నాకు కోపం రాలేదు. రోజూ నాలుగు మాత్రలు మింగే మనిషికి ఒకటి తగ్గుతుందంటే ఆశ పుట్టడం సహజం. సగం చదివి పదిమందికి పంపేవాళ్లనే భరించలేను.

ప్రాంతాల మధ్య నన్ను నిజంగా కలవరపెట్టే తేడా వేరే ఉంది. 2011లో వచ్చిన ప్యూర్ అనే బహుళ దేశాల అధ్యయనం ప్రకారం, గుండెజబ్బు లేదా స్ట్రోక్ వచ్చినవాళ్లలో స్టాటిన్ వాడుతున్నది సంపన్న దేశాల్లో 66.5 శాతం, పేద దేశాల్లో 3.3 శాతం. అనవసరంగా మింగేవాళ్ల గురించి ఇన్ని మాటలు వింటాం, అవసరమై కూడా అందనివాళ్ల ఊసే ఎత్తరు.

మిగతా సందేహాలు త్వరగా. డోసు చిన్నదైతే మందు నాసిరకమా? కాదు. రోసువాస్టాటిన్ అనే స్టాటిన్ ఆసియా మూలాలున్నవాళ్ల రక్తంలో దాదాపు రెట్టింపు చేరుతుంది కాబట్టి అమెరికాలో కూడా వాళ్లకు 5 మి.గ్రా.తో మొదలుపెట్టమంటారు. బ్రిటన్‌లో ఎల్‌డిఎల్ 2.6 అన్నారు, ఇక్కడ 100 అన్నారు, పెరిగిపోయిందా? లేదు, యూనిట్లు వేరు, రెండూ ఒకటే. ఒళ్లునొప్పులా? కొందరికి స్టాటిన్ వల్ల నిజంగానే వస్తాయి. కానీ 2020లో వచ్చిన శాంసన్ ట్రయల్‌లో, ఇబ్బందులు తట్టుకోలేక స్టాటిన్ మానేసినవాళ్లకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చినా ఆ బాధల్లో 90 శాతం వచ్చాయి. నొప్పి అబద్ధమని కాదు, కారణం ప్రతిసారీ మందు కాదని. చెప్పండి, మందు మార్చి చూడొచ్చు.

దేశం మారుతున్నా డాక్టర్ మారుతున్నా డిశ్చార్జ్ సమ్మరీతోపాటు మాత్ర మొదలుపెట్టక ముందు తీసిన లిపిడ్ రిపోర్టు దగ్గర పెట్టుకోండి. మాత్ర వేసుకుంటూ తీయించిన రిపోర్టు ఒక్కటే చూపిస్తే కొత్త డాక్టర్‌కు మీ కొలెస్ట్రాల్ మొదటినుంచీ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. స్టెంట్ సంగతి మీరు చెప్పకపోతే "ఇదెందుకు మీకు?" అని ఆయనే ఆపేయొచ్చు.