పగడాల ట్యాంకులో నీరు ఎలా కదలాలి? అపోహలు - వాస్తవాలు

డాలస్‌లో ఇళ్లకు వెళ్లి రీఫ్ ట్యాంకులు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలు, చూసుకోవడం నా పని. లైట్ల కోసం వందల డాలర్లు పెట్టినవాళ్లు కూడా నీటి ప్రవాహం దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒక పంపు పెట్టెయ్యండి" అంటారు. నాకొచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంటుంది.

అపోహ: పంపు ఎంత జోరుగా కొడితే పగడాలకు అంత మంచిది.

వాస్తవం: పగడం ఒంటిని అంటుకుని కదలని నీటి పొర ఒకటి పల్చగా ఉంటుంది. లోపల తయారైన ఆక్సిజన్ బయటికి పోవాలన్నా, పోషకాలు లోపలికి రావాలన్నా ఆ పొరను దాటాల్సిందే. నీరు కదిలితే పొర ఇంకా పల్చబడుతుంది. దానికి ఒకేచోట సూటిగా కొట్టే ధార అక్కర్లేదు. విశాఖ బీచ్‌లో మోకాలిలోతు నీళ్లలో నిలబడినవాళ్లకు ఇది తెలిసే ఉంటుంది: అల వచ్చి తోస్తుంది, క్షణం ఆగుతుంది, వెనక్కి లాగుతుంది, కాళ్ల కింద ఇసుక జారిపోతుంది. పగడానికి కావలసింది ఆ రాకపోకలే.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేనూ టార్చ్ కోరల్ అనే పగడానికి ఎదురుగా వేవ్‌మేకర్ (ట్యాంకు లోపలే ఉండి నీటిని తోసే చిన్న పంపు) గురిపెట్టాను. మూడో రోజుకి కండ ఊడిపోయి తెల్లటి ఎముక బయటపడింది. ఇప్పుడైతే రెండు వేవ్‌మేకర్లను చెరో పక్కన పెట్టి, వంతులవారీగా నడిచేలా చేస్తాను. ధార నేరుగా పగడానికి కాకుండా ముందు అద్దానికి తగిలి చెదిరేలా తిప్పుతాను. పాలిప్స్ (పగడం మీద ఉండే చిన్న చిన్న మెత్తటి జీవులు) ఊగి మళ్లీ నిలబడుతుంటే సరిపోయినట్టు. ఎప్పుడూ ఒకే పక్కకు వంగి ఉంటే ఆ ధార ఎక్కువైనట్టే.

హవాయిలోని వైకీకీ అక్వేరియంలో పనిచేసిన బ్రూస్ కార్ల్‌సన్ పంపులను నడిపించే ఏ కంట్రోలరూ లేకుండానే అలను తెప్పించాడు. పైన ఉన్న తొట్టి నిండగానే సైఫన్ అందుకుని నీళ్లన్నీ ఒక్కసారిగా కింది ట్యాంకులోకి దూకుతాయి, తొట్టి మళ్లీ నిండుతుంది. చప్పుడు ఎక్కువే, హాల్లో పెట్టుకోలేం. ఆలోచన మాత్రం నాకు భలే ఇష్టం.

అపోహ: పెట్టె మీద రాసిన లెక్క చూసి కొంటే చాలు.

వాస్తవం: 250 లీటర్ల ట్యాంకులో అక్రోపోరా అనే గట్టి పగడాన్ని పెంచాలంటే గంటకు 30 రెట్లు, అంటే 7,500 లీటర్లు తిరగాలని మామూలుగా చెప్పుకుంటాం. మెత్తటి పగడాలకు 10 నుంచి 20 రెట్లు చాలు. కానీ సంప్ (ట్యాంకు కింద ఉండే తొట్టి) నుంచి నీటిని పైకి పంపే రిటర్న్ పంపు పెట్టె మీది అంకె నీటిని పైకి ఎత్తనప్పటిది. సంప్ నుంచి నాలుగడుగులు ఎక్కేసరికి అది బాగా తగ్గిపోతుంది. లెక్క కుదిరినా రాళ్ల వెనక చెత్త పేరుకుంటుంటే అక్కడికి నీరు అందడం లేదన్నమాట. చిటికెడు మేత వేసి ఎటు పోతుందో చూడండి, తెలిసిపోతుంది.

అపోహ: రాత్రి పగడాలు నిద్రపోతాయి, పంపులు ఆపేయొచ్చు.

వాస్తవం: పొరపాటున కూడా ఆపకండి. చీకట్లో కిరణజన్య సంయోగక్రియ ఉండదు, ట్యాంకులో ఉన్నవన్నీ ఆక్సిజన్ పీల్చుకుంటూనే ఉంటాయి. నీటి పైభాగం కదలడం అప్పుడే ఎక్కువ అవసరం. కరెంటు పోయినప్పుడు ఒక్క వేవ్‌మేకరైనా తిరిగేలా బ్యాటరీ పెట్టుకోండి.

అపోహ: ఒకసారి సెట్ చేస్తే ఇక చూడక్కర్లేదు.

వాస్తవం: పగడం పెరిగేకొద్దీ నీటికి తానే అడ్డమవుతుంది. పంపు లోపల సున్నం గడ్డకట్టి జోరు తగ్గుతుంది. మూడు నెలలకోసారి విప్పి, వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి.