ఐదు శ్రుతిలో పాడితేనే పద్యమా?

కడప జిల్లా పల్లెల్లో జాతరకు పద్యనాటకం పెట్టినప్పుడు, తెర లేవకముందు హార్మోనిస్టు నటుణ్ణి అడిగే మొదటి మాట ‘శ్రుతి ఎంతన్నా?’ అని. పాటకు ఆధారంగా, ‘స’గా పెట్టుకునే మెట్టే శ్రుతి; అంకె పెరిగేకొద్దీ గొంతు పైకి పోవాలి. ‘ఐదు’ అంటే చుట్టూ ఉన్నవాళ్ల ముఖాల్లో గౌరవం కనిపిస్తుంది. ‘రెండు’ అంటే పైకి ఎవరూ ఏమీ అనరు గానీ, ఈయన పద్యం ఏం పాడతాడులే అనుకుంటారు. గొంతు ఎంత పైకి పోతే అంత గొప్ప అనే ఈ లెక్క ఎందుకొచ్చిందో, కారణం పోయాక కూడా ఎందుకు మిగిలిందో తెలుసుకోవాల్సిందే. ఈ లెక్క వల్ల మంచి గొంతులు పాడవుతున్నాయి.

హార్మోనియం మీద ఐదో తెల్లమెట్టును షడ్జంగా, అంటే ‘స’గా పెట్టుకున్న నటుడు, పద్యం చివర రాగం తీస్తూ పై షడ్జం (పై ‘స’) మీద నిలబడ్డాడనుకుందాం. ఆ క్షణంలో అతని స్వరతంత్రులు సెకనుకు దాదాపు 392 సార్లు కంపిస్తుంటాయి. అదే మనిషి నాటకం అయ్యాక టీ తాగుతూ మాట్లాడితే ఆ సంఖ్య 100, 130 మధ్య ఉంటుంది. అంటే మూడు రెట్లకు పైనే! ఒకటో శ్రుతిలో కచేరీ చేసే గాయకుడికి అదే పై షడ్జం 262 దగ్గరే దొరుకుతుంది. స్వరతంత్రులంటే గొంతులో, ఊపిరి దారికి అడ్డంగా ఉండే రెండు మెత్తటి మడతలు. వాటిని సాగదీస్తే సన్నబడి వేగంగా కొట్టుకుంటాయి, వదులు చేస్తే నిదానిస్తాయి. ఎంతవరకు సాగుతాయన్నది పుట్టుకతో వచ్చేది. ఆ హద్దుల్లో ఎక్కడ పలకాలన్నది మాత్రం చాలావరకు చుట్టూ ఉన్న లోకమే నేర్పుతుంది.

1885లో ఈ జిల్లాలోని సురభి గ్రామంలో సురభి నాటకాలు మొదలైనప్పుడు మైకు లేదు. వెనక వరుసలో చెట్టు కింద కూర్చున్న ముసలాయనకూ పద్యం వినిపించాలి. మన చెవి సెకనుకు 2000 నుంచి 5000 కంపనాల మధ్య ధ్వనులను బాగా పట్టుకుంటుంది. 100 కంపనాల బొంగురు ధ్వని అంతే గట్టిగా వినిపించాలంటే ఎన్నో రెట్లు శక్తి పెట్టాలి. పై శ్రుతిలో బిగించి పాడితే గొంతులోంచి వచ్చే శక్తిలో మరికొంత భాగం చెవికి ఇష్టమైన ఆ చోటికి చేరుతుంది. జనం గోల ఎక్కువగా కింది స్థాయిలో ఉంటుంది కాబట్టి పాట దాన్ని దాటుకుని పోతుంది. కడప బస్టాండు బయట ‘పొద్దుటూరు, పొద్దుటూరు’ అని పిలిచేవాళ్లను ఒకసారి గమనించండి. ముక్కుతో, పైగొంతుతో పిలుస్తారు. ఎవరూ పాఠం చెప్పకపోయినా శాస్త్రం వాళ్లకు అబ్బింది. గోలలో మనిషి గొంతు దానంతటదే హెచ్చుతుందని ఫ్రాన్స్ వైద్యుడు లొంబార్ 1911లోనే రాశాడు.

కాబట్టి ఐదు శ్రుతి అప్పట్లో అవసరం. అవసరం మెల్లగా అందమైంది, తర్వాత ప్రతిష్ఠ అయింది. మన సీమలోనే, తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్లారి రాఘవ మాత్రం రాగాలు సాగదీయడం కంటే మాటకూ భావానికీ పెద్దపీట వేశారు. ఆ రోజుల్లో అది చిన్న సాహసం కాదు.

1925 ప్రాంతంలో మైకుతో రికార్డింగు మొదలయ్యాక లెక్క తిరగబడింది. అరవకుండానే ఊరంతా వినిపించే వీలొచ్చింది. ఘంటసాల పద్యం చెవి దగ్గర చెప్పినట్టు ఉంటుందంటే అందులో ఆయన ప్రతిభతో పాటు మైకు చలవ కూడా ఉంది. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రం వచ్చాక, మెల్లగా మాట్లాడే గొంతులు రోజూ ఇళ్లలోకి వచ్చి కూర్చున్నాయి. ఒకప్పుడు సినిమాలో ఆడగొంతు అంటే సన్నగా, పైన పలకాల్సిందే. ఇప్పుడు కింది స్థాయిలో, ఊపిరి తీయడం కూడా వినిపించేలా పాడుతున్నారు.

మాట కూడా ఇలాగే మారుతుంది. ఆస్ట్రేలియాలో 1945లో రికార్డు చేసిన యువతుల గొంతులను 1993 నాటి యువతుల గొంతులతో పోల్చి చూశారు. సగటు సెకనుకు 229 కంపనాల నుంచి 206కు దిగింది. నల్లమెట్లు కూడా కలిపి లెక్కపెడితే, హార్మోనియం మీద దాదాపు రెండు మెట్లు. సిగరెట్లు, గర్భనిరోధక మాత్రలు కారణమేమోనని కూడా పరిశీలించారు, అవి కావని తేలింది. యాభై ఏళ్లలో స్వరతంత్రులు అంత మారిపోవు. ఆడవాళ్లు ఉద్యోగాల్లోకి, అధికారంలోకి రావడం వల్లే ఇలా జరిగి ఉండొచ్చని పరిశోధకులు భావించారు. తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన మార్గరెట్ థాచర్ శిక్షణ తీసుకుని మరీ గొంతు దించుకున్నారు. 2012లో అమెరికాలో ఒకే గొంతును కంప్యూటర్లో పెంచి, తగ్గించి వినిపించి, ఎవరికి ఓటేస్తారని అడిగితే, ఆడా మగా ఎక్కువమంది కింది గొంతునే ఎంచుకున్నారు.

ఇది మన ఇళ్లలోనూ చూడొచ్చు. కొత్త కోడలు అత్తగారితో ఫోనులో మాట్లాడే గొంతు వేరు, ఫోను పెట్టేసి స్నేహితురాలితో మాట్లాడే గొంతు వేరు. రెండూ ఆమెవే.

నాకు బాధ కలిగించేది ఒకటుంది. కాలర్ మైకు పెట్టుకున్న కుర్రవాడి చేత కూడా ఇప్పటికీ ఐదు శ్రుతిలో పాడిస్తున్నారు. బలవంతంగా రోజూ సాగదీస్తే స్వరతంత్రుల మీద కాయల్లాంటి బుడిపెలు లేస్తాయి, గొంతు బొంగురుపోతుంది. టీచర్లకూ ఈ బాధ తెలుసు. కర్ణాటక సంగీతంలో శ్రుతి చూసుకునే పద్ధతి ఎంతో సులువు. కింది పంచమం (‘ప’) నుంచి పై పంచమం వరకు మెడ నరాలు పొంగకుండా పలికే మెట్టు ఏదో, దాన్నే షడ్జంగా పెట్టుకుంటారు. ఒకసారి చూసుకుంటే జీవితాంతం సరిపోదు. మగపిల్లలకు పదమూడు, పద్నాలుగేళ్లప్పుడు గొంతు దాదాపు ఒక స్థాయి, అంటే పై ‘స’ నుంచి కింది ‘స’ దాకా దిగుతుంది, ఆ నెలల్లో పై శ్రుతికి అసలు పోనివ్వకూడదు. ముట్లు ఆగాక ఆడవాళ్ల గొంతు కొంత దిగుతుంది, ముసలితనంలో మగవాళ్ల గొంతు కొంత హెచ్చుతుంది. అప్పుడు కూడా హార్మోనియం ముందు కూర్చుని మెట్టు మళ్లీ చూసుకోవాలి.