పగ్గం ఎంత లాగాలి?

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఓరియన్ నెబ్యులా ఫోటో చూశాను. ఆ మబ్బు ఎర్రదనం చక్కగా వచ్చింది. చుక్కలు మాత్రం, నువ్వే అన్నట్టు, కోలగా సాగాయి. "గైడింగ్‌లో అగ్రెసివ్‌నెస్ 70 ఉంటే 100 చేశాను తాతయ్యా, ఇంకా పాడైంది. ఎక్కువ సరిదిద్దితే ఎక్కువ బాగుపడాలి కదా?" అని అడిగావు. గైడింగ్ అంటే ఒక చుక్కను చూస్తూ దుర్బిణిని దారిలో ఉంచడం, అగ్రెసివ్‌నెస్ అంటే తప్పినదాంట్లో నూటికి ఎంత సరిదిద్దాలో చెప్పే అంకె. నీ ప్రశ్నకు జవాబు మీ ముత్తాత అరక దగ్గర ఉంది.

ఆయన దున్నితే ప్రతి చాలూ నూలు పట్టినట్టు తిన్నగా వచ్చేది. దున్నేటప్పుడు ఎద్దుల వంక చూసేవాడే కాదు. అవతలి గట్టు మీద ఒక తాటిచెట్టును చూపులో పెట్టుకుని, మేడి పట్టుకుని, దాని వైపే నడిచేవాడు. నీ గైడ్ కెమెరా పట్టుకున్న చుక్క ఆ తాటిచెట్టు. దుర్బిణిని మోసి తిప్పే నీ మౌంటు ఎద్దుల జత. భూమి తిరుగుతుంది కాబట్టి ఆకాశం సెకనుకు 15 ఆర్క్ సెకన్లు జరుగుతూ ఉంటుంది. ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు. మోటారు ఆ వేగంతోనే తిప్పుతుంది. కానీ లోపల ఉన్న పళ్ల చక్రాన్నీ, దాన్ని తిప్పే స్క్రూ లాంటి మరనూ అంత నున్నగా ఎవరూ కొయ్యలేరు. అందుకని కాసేపు ముందుకు పోతుంది, కాసేపు వెనకబడుతుంది. పగ్గం ఉన్నది అందుకే.

నా పని చద్దిమూట తీసుకెళ్లి గట్టు మీద కూర్చోవడం. నాగలి వెనకే కొంగలు దిగేవి, తిరగబడ్డ మట్టిలో పురుగుల కోసం. నాన్న ఎంత దగ్గరగా వచ్చినా లేచేవి కావు. పక్క చేలో కొత్తగా చేరిన పాలేరు దున్నుతుంటే మాత్రం చెల్లాచెదరైపోయేవి. అతను దాపటెద్దు కాస్త ఒరిగితే చాలు, పగ్గం గుంజేవాడు. అది అటు పోయేది. మళ్లీ ఇటు గుంజేవాడు. మధ్యాహ్నానికి చేనంతా వంకరటింకర చాళ్లు. ఎద్దులు మంచివే పాపం.

పొద్దెక్కితే ఇంకో చిక్కు ఉంది. నేల కాగి, దూరంగా ఉన్న తాటిచెట్టు అటూ ఇటూ ఊగినట్టు కనిపిస్తుంది. చెట్టు ఎక్కడికీ పోలేదు, మధ్యలో ఉన్న గాలి కదులుతోంది అంతే. నీ చుక్కకూ ఇదే గతి. అది ఒక ఆర్క్ సెకను పక్కకు పోయినట్టు కెమెరా చెప్పిందంటే, అందులో సగం గాలి చేసిన మాయ కావచ్చు. నువ్వు 100 పెడితే ఆ మాయను కూడా నిజమనుకుని మొత్తం లాగేస్తుంది. మరు క్షణం గాలి సర్దుకుంటుంది, నీ మౌంటు మాత్రం పక్కకు పోయి ఉంటుంది. మళ్లీ ఎదురు లాగుతుంది. 70 దగ్గర ఉంచు, ఇంకా ఊగితే 60కి దించు. గైడ్ ఎక్స్‌పోజరు, అంటే ఆ కెమెరా ఒక్కో చూపు నిడివి, అర సెకను కాకుండా రెండు మూడు సెకన్లు పెట్టు, వణుకంతా కలిసి సగటు చుక్క దొరుకుతుంది. మినిమమ్ మూవ్ అనే అంకె ఉందే, అది "ఇంతలోపు ఒరిగితే పట్టించుకోకు" అని పాలేరుకు చెప్పే మాట. మీ అమ్మకు కూడా కాస్త చెప్పు, తమ్ముణ్ణి ప్రతిదానికీ కసురుతోందట.

మీ డాబా స్లాబు పగలంతా కాగి అర్ధరాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది. వీలైతే దుర్బిణిని మట్టి నేల మీద పెట్టుకో.

ఇక ఉత్తర దక్షిణాల వైపు, అదే డెక్లినేషన్‌లో, వచ్చే తంటా వేరు. అక్కడ పగ్గం వదులుగా ఉంటుంది. దిక్కు మార్చగానే ముందు పళ్ల మధ్య సందు నిండాలి, అప్పటిదాకా లాగినా ఏమీ కదలదు. కదల్లేదు కదా అని ఇంకా లాగితే ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. దీనికి ఒక ఉపాయం, మౌంటు ఇరుసును ధ్రువనక్షత్రానికి గురి పెట్టడంలో కాస్తంత తేడా ఉండనివ్వు. అప్పుడు చుక్క ఒకే వైపుకు జారుతుంది, నువ్వూ ఒకే వైపు నుంచి సరిదిద్దితే చాలు. హైదరాబాదులో ధ్రువనక్షత్రం 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, మీకైతే ఎదురింటి వాటర్ ట్యాంకు అడ్డం కూడానూ.

ఒక్క విషయంలో మా ఎద్దులు నీకు పనికిరావు. అవి రోజుకో చోట తప్పుతాయి. నీ మౌంటు ఎప్పుడూ ఒకే చోట, ఒకే లయలో తప్పుతుంది. నీ మౌంటు ఈక్యూ6 రకం కాబట్టి పెద్ద చక్రానికి 180 పళ్లు. చక్రం రోజుకో చుట్టు తిరుగుతుంది, మర ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక పన్ను జరుగుతుంది. నక్షత్రాల లెక్కన రోజు 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు, అంటే 86,164 సెకన్లు. 180తో భాగించు. 479 వస్తుంది. ఆ మర ఒక చుట్టు తిరగడానికి అంత సేపు పడుతుంది, ప్రతి చుట్టులోనూ అదే ఒడుదొడుకు.

మీ ఇంటికి దగ్గర్లోనే, బేగంపేటలో, ఒకప్పుడు ఈ పనంతా మనుషులు కంటితో చేశారు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ అది. మొత్తం ఆకాశాన్నే ఫోటో తియ్యాలని 1887లో పారిస్‌లో ఖగోళ శాస్త్రవేత్తలు అనుకున్నారు. ఆ పనిలో ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీత) దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల పట్టీ మన హైదరాబాదు వంతుకు వచ్చింది. ఎనిమిది అంగుళాల దుర్బిణి గాజు పలకలకు వెలుగు పట్టిస్తుంటే, పక్కనున్న గొట్టంలో కన్ను పెట్టి, చుక్క దారాల కూడలి దాటకుండా చేత్తో సరిచేసుకుంటూ కూర్చునేవారు. చలికాలం రాత్రి ఆ గొట్టం దగ్గర రెప్ప వాలకుండా ఎలా కూర్చున్నారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

వచ్చే అమావాస్యకు ఈ పని చెయ్యి. ఓరియన్ నడుములో మూడు చుక్కల్లో ముందుగా ఉదయించేది ఇంచుమించు ఖగోళ మధ్యరేఖ మీదే ఉంటుంది. క్యాలిబ్రేషన్, అంటే ఎంత లాగితే చుక్క ఎంత జరుగుతుందో కొలిచే పని, దాని దగ్గర చెయ్యి. తర్వాత గైడింగ్ నడిపే పీహెచ్‌డీ2 ప్రోగ్రాములో గైడింగ్ అసిస్టెంట్ తెరువు. అది సరిదిద్దడం ఆపేసి ఊరికే చూస్తుంది. ఇరవై నిమిషాలు చెయ్యి పెట్టకు. తెర మీది గీత ఒక గుట్ట ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కుతుంది. గుట్టకూ గుట్టకూ మధ్య ఎన్ని సెకన్లో తమ్ముణ్ణి లెక్కపెట్టమని, 479కి ఎంత దగ్గరగా వచ్చిందో నాకు రాయి. ఆ తర్వాతే అంకెలు ముట్టుకో, అదీ ఒకసారికి ఒక్కటి.

మీ తాతయ్య